‘ఆసియా’ అన్న ఒక్క పేరు కింద ఇన్ని దేశాల కళ ఇముడుతుందా?

ప్రశ్న:
2024 నవంబరులో బ్రిస్బేన్‌లో మొదలైన పదకొండవ ఆసియా పసిఫిక్ ట్రైయెన్నియల్‌ను, అంటే మూడేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శనను, చూసి వచ్చినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. నది దక్షిణపు ఒడ్డున పక్కపక్కనే ఉన్న రెండు గ్యాలరీలలో, భాషలో గాని చరిత్రలో గాని పొంతన లేని దేశాల కళాకృతులను ప్రవేశ రుసుము లేకుండా చూపడం ఎంతో సంతోషించవలసిన విషయమే. అయితే అన్నిటినీ ఒకే పేరు కిందికి తెస్తే ఎవరి అస్తిత్వం వారికి మిగులుతుందా?

మొదటి జవాబు:
మీ సందేహం న్యాయమైనదే గాని, 1999 నాటి మూడవ విడతను గుర్తు చేసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతపు సోనాబాయి రజవార్‌ను భర్త ఏళ్ల తరబడి గడప దాటనివ్వలేదు. ఎవరి వద్దా నేర్చుకోకుండానే ఆమె వెదురు బద్దలను గుండ్రంగా వంచి, ఒకదానికొకటి కట్టి, పైన మట్టి మెత్తి, ఎండను ఆపి గాలిని రానిచ్చే జాలీలు చేశారు. వాటి సందుల్లో మట్టి పిట్టలను, మనుషులను కూర్చోబెట్టారు. అదే ప్రదర్శనలో, చైనాలో పుట్టిన త్సాయ్ గువో చియాంగ్ గ్యాలరీ లోపలి నీటి మీద వెదురు వంతెన కట్టారు. ఆమె వెదురు నాలుగు గోడల మధ్య ఊపిరి కోసం వంగినది, ఆయన వెదురు అవతలికి దాటడానికి పరచినది. ఒకే కప్పు కింద ఉండబట్టే ఆ తేడా అంత స్పష్టంగా తెలిసిందని నా నమ్మకం.

రెండవ జవాబు:
పై మిత్రుల మాటతో సగమే ఏకీభవిస్తాను. పాల్ కీటింగ్ ప్రధానిగా ఉండి ఆస్ట్రేలియా చూపును ఆసియా వైపు తిప్పుతున్న రోజుల్లో, 1993లో, ఈ ఉత్సవం మొదలైంది. ఆ ఏడాది భారతదేశానికి అందులో చోటు లేదు, 1996లోనే వచ్చింది. అంటే ఆసియా ఎక్కడి దాకా అన్నది నిర్ణయించినది ఆతిథ్యమిచ్చినవారే, ఈ సంగతిని మరవకూడదు. అయినా ఆ 1996లోనే భారతీయ చిత్రకారిణి నీలిమా షేక్ ‘షామియానా’ను వేలాడదీశారు. రెండు వైపులా చిత్రించిన వస్త్రాలు, వాటిపైన పందిరి. బయట నిలబడితే ఒక బొమ్మ, లోపలికి అడుగు పెడితే మరొకటి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. హద్దు గీసినది ఎవరన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. ‘షామియానా’ ఇప్పటికీ ఆ గ్యాలరీ సేకరణలో ఉందా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
ఉన్నది. ప్రదర్శనకు పెట్టినప్పుడు మాత్రం తప్పక లోపలికి వెళ్లి చూడండి.