ఓనరమ్మగారి కుక్కకి ఒంటి మీద గడ్డలు: వైద్యం ఎలా చేయించాలి? (చెన్నై, కొళత్తూరు)

మేడమెట్లు:
మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మగారి కుక్క ఇది. ఆడది, లాబ్రడార్ క్రాస్, ఎనిమిదేళ్లుంటాయట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు, టీకాల పుస్తకం కూడా లేదు. పగలూ రాత్రీ మేడ మీద రేకుల షెడ్డులో నాలుగడుగుల గొలుసుకే ఉంటుంది. పొద్దున ఒకపూట అన్నం పెడతారు. నీళ్ల గిన్నె మధ్యాహ్నానికల్లా ఎండిపోతుంది.

పొట్ట కింద ఎడమవైపు చివరి చన్ను దగ్గర నిమ్మకాయంత గట్టి గడ్డ ఉంది. దాని పైన చర్మం చిట్లింది, అది నాకుతూనే ఉంటుంది, ఈగలు ముసురుతున్నాయి. పక్క చన్ను దగ్గర ఇంకో చిన్నది. దవడ కింద రెండువైపులా బిళ్లలు. పక్కటెముకల మీద మెత్తగా, అటూ ఇటూ కదిలే పెద్ద గడ్డ ఒకటి. చెవుల్లో పిడుదులు. తిండి తగ్గింది. ఓనరమ్మగారు "వయసైపోయింది, దానికి అంతే" అంటున్నారు. మనిషి చెడ్డవారు కాదు, ఒంటరిగా ఉంటారు.

ఎక్కడికి తీసుకెళ్లాలి? ఏం పరీక్షలు చేస్తారు? మెడికల్ షాపులో ప్రెడ్నిసోలోన్, ఒక యాంటీబయాటిక్ ఇచ్చారు, వెయ్యొచ్చా? పోలీసులకి చెబితే పనవుతుందా?

సూదిమొన:
ఆ ప్రెడ్నిసోలోన్ (అది స్టెరాయిడ్) మాత్రం వెయ్యకండి. దవడ కింద రెండువైపులా బిళ్లలున్నాయంటే లింఫోమా (లింఫు గ్రంథుల కేన్సర్) కావచ్చు, పిడుదుల జ్వరం కావచ్చు. లింఫోమా అయితే స్టెరాయిడ్ పడగానే బిళ్లలు కొన్నాళ్లు కరిగిపోతాయి, అందరూ తగ్గిందనుకుంటారు. ఆ తర్వాత తీసిన స్లైడులో కణాలు సరిగ్గా కనపడవు, కీమో ఇవ్వాల్సి వస్తే దానికీ లొంగడం తగ్గుతుంది. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలూ వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. స్టెరాయిడ్‌తో కలిపి వేస్తే కడుపులో రక్తస్రావం దాకా పోతుంది.

మీరు చెప్పినవన్నీ ఒకే జబ్బు కానక్కర్లేదు. నా లెక్కలో ఇక్కడ కనీసం మూడు వేరు వేరు సంగతులున్నాయి. పక్కటెముకల మీద మెత్తగా కదిలేది చాలావరకు కొవ్వు గడ్డే, లాబ్రడార్లలో మామూలు. కానీ మాస్ట్ సెల్ కణితి (చర్మంలో వచ్చే ఒకరకం కేన్సర్) కూడా చేతికి అచ్చం అలాగే తగలొచ్చు, కాబట్టి దాన్ని పదే పదే నొక్కి చూడకండి. నొక్కితే హిస్టమిన్ అనే రసాయనం విడుదలై చుట్టూ ఎర్రగా ఉబ్బుతుంది, కొన్నిటికి వాంతులు కూడా అవుతాయి. దవడ కిందివి లింఫు గ్రంథులు. అవే భుజాల ముందు, వెనక మోకాలి మడత వెనక కూడా ఉబ్బాయేమో డాక్టరు తడిమి చూస్తారు. ఒంటినిండా ఉబ్బితే లోపలి జబ్బు. దవడ కిందే ఉంటే నోట్లో పుచ్చిన పన్నో, చెవిలో చీము పట్టడమో కారణం కావచ్చు. మూడోది చన్నుల దగ్గరిది. ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో ఈ వయసులో రొమ్ము కణితి మొదట అనుకోవాల్సిందే. మొత్తంమీద వీటిలో సగం దాకా ప్రాణం మీదికి తెచ్చే రకం అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మూడు సెంటీమీటర్లు దాటకముందే తీసేస్తే ఫలితం బాగుంటుంది. మీరు చెప్పిన సైజు ఆ గీత దాటినట్టే ఉంది, ఇంకా ఆలస్యం చెయ్యకండి.

మొదట చెయ్యాల్సింది ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే గడ్డలోంచి సన్నసూదితో కణాలు తీసి చూసే పరీక్ష. 22 లేదా 23 గేజ్ సూది, 5 మి.లీ. సిరంజి, రెండు మూడు గాజు స్లైడులు, అంతే సరంజామా. మామూలుగా మత్తు అక్కర్లేదు, ఒకరు పట్టుకుంటే చాలు. కొవ్వు గడ్డ, చీము గడ్డ, మాస్ట్ సెల్, లింఫోమా ఇందులోనే చాలావరకు తేలిపోతాయి. రొమ్ము కణితి దగ్గర మాత్రం సూది పరీక్ష మంచిదా చెడ్డదా అన్నది నమ్మకంగా చెప్పలేదు, అది కోసి తీసిన ముక్కని హిస్టోపాథాలజీకి (కణజాల పరీక్షకి) పంపితేనే తెలుస్తుంది. డాక్టరు ఒక్క గడ్డకే సూది పెడితే "మిగతావాటికీ తియ్యండి, స్లైడు మీద ఏది ఎక్కడిదో రాయండి" అని అడగండి. ఒకటి కొవ్వు గడ్డ అని తేలగానే మిగతావన్నీ అంతేలే అనుకోవడం దగ్గరే కేసులు పాడవుతాయి.

దాంతోపాటు సీబీసీ (రక్తకణాల లెక్క), ప్లేట్‌లెట్లు, బ్లడ్ స్మియర్ (స్లైడు మీద రక్తపు చుక్క పరిచి చూడటం), పిడుదుల జ్వరం తెచ్చే ఎర్లీషియాకి కిట్ పరీక్ష, కిడ్నీ లివర్ పరీక్షలు చేయించండి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. ఎర్లీషియా అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ కిలో బరువుకి రోజుకి 10 మి.గ్రా., 28 రోజులు రాస్తారు. వారానికే కుక్క లేచి తిరుగుతుంది, అక్కడితో మాత్రలు ఆపేస్తారు, జబ్బు మళ్లీ వస్తుంది. మాత్ర ఉత్తగా మింగిస్తే గొంతులో అతుక్కుని పుండు పడుతుంది. అన్నంలో పెట్టి, వెనక నీళ్లు తాగించాలి.

ఇంకొకటి. పిడుదులకని ఎవరో ఒకరు ఐవర్‌మెక్టిన్ సూది వేయిద్దామంటారు. మన దక్షిణాది కుక్కల రక్తంలో మైక్రోఫైలేరియా (ఫైలేరియా పురుగుల పిల్లలు) తరచు ఉంటుంది. స్మియర్ చూడకుండా వేస్తే కొన్ని షాక్‌లోకి పోతాయి.

వేపేరీబస్సు:
మీకు అందుబాటులో పెద్ద దిక్కు వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి. 1903 నాటి కాలేజీ. మెడిసిన్, సర్జరీ, ఎక్స్‌రే, పాథాలజీ ఒకే ఆవరణలో ఉండటమే దాని లాభం. పెద్దాసుపత్రి కాబట్టి ఒక గది నుంచి ఇంకో గదికి పంపిస్తూనే ఉంటారు, ఉదయం ఓపీ తెరిచే వేళకే అక్కడ ఉంటే ఆ పూటే సూది, రక్తం, ఎక్స్‌రే అవుతాయి. పది దాటాక వెళ్తే సగం పని మర్నాటికి పడుతుంది. కొళత్తూరు నుంచి మాధవరం దగ్గర. అక్కడా వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ల ఆసుపత్రి ఉంది, తొలిచూపుకి చాలు. గిండీ పక్కన వేళచ్చేరి మెయిన్ రోడ్డులో బ్లూ క్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ ఉంది, 1959 నుంచి నడుస్తోంది. వాళ్ల మొదటి పని దిక్కులేని జంతువులు. ఓనరున్న కుక్క కాబట్టి ముందు ఫోన్ చేసి అడిగి వెళ్లండి. కార్పొరేషన్ హెల్ప్‌లైన్ నంబరు 1913కి ఫోన్ చేస్తే వీధికుక్కల సంగతి చూస్తారు తప్ప ఇది వాళ్ల పని కాదు.

వెళ్లే ముందురోజు ప్రతి గడ్డ పక్కన ఐదు రూపాయల బిళ్ల పెట్టి ఫొటో తీయండి, సైజు తెలుస్తుంది. తెల్ల కాగితం మీద కుక్క బొమ్మ గీసి ఏ గడ్డ ఎక్కడుందో, ఎప్పట్నుంచో రాయండి. చివరి ఎద ఎప్పుడు వచ్చింది, నీళ్లు ఎక్కువ తాగుతోందా, వెనకనుంచి చీము కారుతోందా అన్నది ఓనరమ్మగారినే అడగాలి. చీము కారుతోందంటే గర్భసంచి సంగతి, గడ్డల కన్నా ముందు అది చూడాలి, ఆ రోజే.

కుక్కని దించడం మీరనుకున్నంత తేలిక కాదు. ఏళ్ల తరబడి గొలుసుకున్నది మెట్లు దిగదు, నొప్పి ఉన్నచోట చెయ్యి తగిలితే ఎంత సాధు కుక్కయినా కరుస్తుంది. టీకా లేదంటున్నారు కూడా. గాజ్ బ్యాండేజీ (కట్టుకట్టే పల్చటి గుడ్డ) మీటరున్నర తీసుకుని మధ్యలో వదులు ముడి వేయండి. ఆ ఉచ్చుని పక్కనుంచి మూతి మీదికి జార్చి బిగించండి, కొసలు గడ్డం కింద ఒకసారి మెలేసి, చెవుల వెనక జారుముడి వేయండి. లాగితే ఊడి రావాలి. రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టొద్దు, మన ఎండల్లో కుక్క చల్లబడేది రొప్పడంతోనే. ఆటో ఎక్కే ముందు, సూది వేసేటప్పుడు తప్ప మిగతా సేపు విప్పేయాలి. మెడకి పాత గొలుసు కాకుండా వెడల్పు పట్టీ వేయండి. గొలుసు కింద చర్మం ఒరుసుకుపోయిందేమో వెంట్రుకలు పాయతీసి చూడండి, చాలాసార్లు అక్కడో పుండు దాగుంటుంది. మందమైన దుప్పటి పరిచి ఇద్దరు చెరో కొస పట్టుకుంటే మెట్లు దించొచ్చు. మత్తు ఇవ్వొచ్చని డాక్టరు ముందే చెప్పి ఉంటే రాత్రి నుంచి తిండి పెట్టకండి, నీళ్లు పర్వాలేదు.

పన్ను దిగినా, గీరుకున్నా సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. కండకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులకి రేబిస్ టీకా సూదులు. రక్తం వచ్చే గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా అడగాలి.

పదకొండోసెక్షన్:
పోలీసుల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. చట్టం ఉంది, పంటి బలం లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో సెక్షన్ 11(1) కింద అతి పొట్టి గొలుసుకి అదేపనిగా కట్టేయడం (ఎఫ్), ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తిప్పకపోవడం (జి), తిండీ నీళ్లూ నీడా చాలినంత ఇవ్వకపోవడం (హెచ్), మూడూ నేరాలే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! సెక్షన్ 34 కింద కానిస్టేబుల్ పై స్థాయి పోలీసు అధికారి కుక్కని స్వాధీనం చేసుకుని పశువైద్యుడికి చూపించొచ్చు. స్టేషన్‌లో ఆ సెక్షన్ పేరు చెప్పి, ఫొటోలతో రాతపూర్వకంగా ఇస్తే కదలిక వస్తుంది. అయితే ఒంటరిగా ఉండే పెద్దావిడ మీద, అందులోనూ మీ ఓనరు మీద, ఇది ఆఖరి మెట్టు. ఆమెకి చెప్పకుండా కుక్కని తీసుకెళ్తే మీ మీద దొంగతనం కేసు పెట్టొచ్చు, ఆమె సంతకం లేకుండా ఆపరేషన్‌కి ఏ డాక్టరూ ఒప్పుకోరు.

కాబట్టి నేరం మాట ఎత్తకండి. "అమ్మా, పిడుదులు మా ఇంట్లోకి దిగుతున్నాయి, పిల్లలున్నారు. కార్పొరేషన్ లైసెన్సుకి రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలంటున్నారు. నేనే తీసుకెళ్లి చూపిస్తా, మీరు చీటీ మీద సంతకం పెట్టండి చాలు" అనండి. ఆ చీటీలో ఆమె పేరు, ఫోన్, కుక్క వయసు, "పరీక్షలకి, అవసరమైతే మత్తుకి నా అంగీకారం ఉంది" అన్న వాక్యం, తేదీ. ఆపరేషన్ మాట వస్తే అక్కణ్నుంచే ఆమెకి ఫోన్ కలపండి. డబ్బు ఎవరు పెట్టుకునేదీ ముందే తేల్చుకోండి, లేకపోతే మొదటి బిల్లు దగ్గరే తగువు మొదలవుతుంది.

మేడమెట్లు:
మీరు చెప్పినట్టే అడిగాను, సంతకానికి ఒప్పుకున్నారు. "కోయించొద్దు, బల్ల మీదే పోతుంది" అంటున్నారు. ఈలోగా ఆ చిట్లిన గడ్డకి ఏం చెయ్యాలి?

సూదిమొన:
ఆ భయానికి జవాబు చెప్పేది పరీక్షలే. ఆపరేషన్‌కి ముందు ఛాతీ ఎక్స్‌రే మూడు కోణాల్లో తీస్తారు: కుడిపక్క పడుకోబెట్టి, ఎడమపక్క పడుకోబెట్టి, ఇంకోటి వెల్లకిలా. ఒక్క కోణంలోనే తీస్తే ఊపిరితిత్తుల్లో చిన్న మచ్చలు దాగిపోతాయి. అక్కడ మచ్చలుంటే, లేదా పొట్టంతా ఎర్రగా కాలిపోతూ గట్టిపడి ఉంటే, కోయకుండా నొప్పి తగ్గిస్తూ చూసుకోవడమే మేలని డాక్టరే చెబుతారు. ఏమీ లేకపోతే రక్తం లెక్కలు సర్దుకున్నాక చన్నుల వరస తీసేస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే ముందు పిడుదుల జ్వరం తగ్గించాకే కత్తి.

ఈలోగా చిట్లిన చోట సెలైన్‌తో కడగండి. పోవిడోన్ అయోడిన్ అయితే లేత టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపి వాడండి. పసుపు, కిరోసిన్, ఫినాయిల్ దగ్గరికి రానివ్వొద్దు. నాకకుండా మెడకి కోన్ కాలర్ (గరాటులాంటి పట్టీ) పెట్టండి, ఈగల కోసం దోమతెర కట్టండి. గాయంలో గుంటలు పడి, వాసనొచ్చి, లోపల తెల్లగా కదులుతుంటే పురుగులు పడ్డట్టే. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంట్లో గెలికి తీస్తే సగం లోపలే ఉండిపోతాయి.

రేకులషెడ్డు:
పిడుదుల గురించి ఒక్క ముక్క. కుక్కకి మాత్ర వేస్తే ఒంటి మీదివి చస్తాయి, షెడ్డులోవి చావవు. ఈ గోధుమరంగు పిడుదు గోడ ఎక్కి పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పగుళ్లు సిమెంటుతో పూడ్చి, పాత గోనెలు తీసిపారేయండి. చిట్లిన గడ్డ ఉండగా అమిట్రాజ్ (పిడుదుల మందు) ద్రావణంతో స్నానం వద్దు. బరువుని బట్టి డాక్టరు రాసే నోటి మాత్ర మేలు. ఎటూ మేడ ఎక్కుతున్నారు కాబట్టి నీళ్లకి తిరగబడని బరువైన సిమెంటు తొట్టి నీడలో పెట్టండి.

వేపేరీబస్సు:
గడ్డ తీసేశాక ముక్కని బయటి ల్యాబ్‌కి మీరే మోసుకెళ్లాల్సి వస్తే: 10 శాతం ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రావణం), ముక్కకి పదింతలు పోయాలి. వెడల్పు మూతి సీసా తీసుకోండి. సన్నమూతి సీసాలో కుక్కితే గట్టిపడ్డాక బయటికి రాదు. సూది పరీక్ష స్లైడులు ఆ సీసాతో ఒకే సంచిలో పెట్టకండి. ఫార్మలిన్ ఆవిరి తగిలిందంటే స్లైడుకి రంగు పట్టదు, మళ్లీ సూది పెట్టాల్సిందే. ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు, చెమ్మ పట్టి కణాలు పగిలిపోతాయి. గాలికి ఆరనిచ్చి, స్లైడు బాక్సులో, మామూలు గదిలో ఉంచితే చాలు.