హోమ్ పేజీని బ్లాక్‌లు పేర్చి కట్టాలా, విడిగా చేయాలా?

బర్కత్‌పురా_వెబ్
లాడ్ బజార్‌లో లక్క గాజులు అమ్మే ఒక కొట్టుకి వర్డ్‌ప్రెస్‌ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌లో సైట్ చేస్తున్నాం. మొత్తం 14 పేజీలు. మిగతా పేజీల్లో వాడిన బ్లాక్‌లనే (బ్యానర్, ఫొటో, టైమింగ్స్ లాంటి విడి ముక్కలు) పేర్చి హోమ్ పేజీ కూడా కట్టేద్దామని టీమ్‌లో సగం మంది అంటున్నారు. అదొక్కటీ విడిగా కూర్చుని చేయాలని మిగతావాళ్లు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, అది పైనే కనబడాలని ఓనర్‌ గారి కోరిక. మీరేమంటారు?

అమీర్‌పేట్_ట్రైనర్
బ్లాక్‌లే, ఇంకో ఆలోచన వద్దు. రంజాన్‌ నెలలో చార్మినార్ చుట్టూ కొట్లు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటాయి. నేను చేసిన ఒక బట్టల షాపు సైట్‌లో టైమింగ్స్ ప్రతి పేజీలో విడివిడిగా టైప్ చేసి ఉన్నాయి. అన్నీ మార్చామనుకున్నాం, రెండు పేజీల్లో మర్చిపోయాం. 'రాత్రి 9 వరకే' అని చూసి ఫోన్ చేసిన కస్టమర్లకి జవాబు చెప్పలేక నాకు చాలా బాధేసింది. బ్లాక్‌ని ప్యాటర్న్‌గా, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే నమూనాగా సేవ్ చేసేటప్పుడు సింక్ ఆన్‌లో ఉంచితే, ఒక్కచోట మార్చినా వాడిన ప్రతిచోటా మారుతుంది. ఆఫ్‌లో ఉంటే ఏ కాపీకి ఆ కాపీయే.

కాచిగూడ_అక్షరం
టైమింగ్స్, ఫోన్ నంబర్, మ్యాప్ వరకు ఒప్పుకుంటానండీ. పైన పెట్టే పెద్ద బ్యానర్ బ్లాక్ సంగతే వేరు. దాన్ని ఇంగ్లీష్ హెడ్డింగ్‌ కోసం చేసి ఉంటారు, లైన్ హైట్ (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) అక్షరం సైజుకి 1.1 రెట్లే ఉంటుంది. అందులో 'స్త్రీల గాజులు' అని రెండు లైన్లలో పెట్టి చూడండి. 'స్త్రీ' కింది వత్తులు రెండో లైన్‌లో 'గాజులు' మీద పడతాయి. ఫొటో బ్లాక్‌ది ఇంకో గొడవ. కింది ఫొటోలకి లేజీ లోడింగ్, అంటే అక్కడిదాకా స్క్రోల్ చేసినప్పుడే ఫొటో లోడవడం, మంచిదే. అదే బ్లాక్ పైన పెడితే మొదటి ఫొటోనే ఆలస్యంగా వస్తుంది. పేజీలో అతి పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలత.

అమీర్‌పేట్_ట్రైనర్
అది బ్లాక్‌లో తప్పండీ, పద్ధతిలో కాదు. లైన్ హైట్ ఒక్కచోట 1.5 చేయండి, 14 పేజీల్లోనూ సరవుతుంది. విడిగా చేసుంటే 14 సార్లు దిద్దాలి.

కాచిగూడ_అక్షరం
లైన్ హైట్ విషయంలో మీదే కరెక్ట్. నా అసలు అభ్యంతరం వేరే. గాజుల కొట్టు మెట్టెక్కగానే అడిగే మొదటి మాట ఏమిటి? "సైజు ఎంతమ్మా, రెండు ఆరా, రెండు ఎనిమిదా?" రెండు ఆరు అంటే లోపలి వ్యాసం 2 అంగుళాల మీద 6/16. ఇంట్లో ఉన్న గాజుని స్కేలు మీద పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల భయమంతా ఆ సైజు దగ్గరే. బ్యానర్, మూడు డబ్బాలు, కస్టమర్ల మెచ్చుకోళ్లు అంటూ ఉన్న బ్లాక్‌లనే పేర్చుకుంటూ పోతే ఆ ప్రశ్నకి చోటే ఉండదు. జీఐ ట్యాగ్ గొప్పదే, దాన్ని చూసి గర్వపడతాం. కానీ చేతికి పట్టని గాజుని ఎవరు కొంటారు?

బర్కత్‌పురా_వెబ్
ఇది మాకెవరికీ తట్టలేదు మేడమ్. రేపు కొట్టుకెళ్లి, సైజు చూసే కర్ర మీద గాజులు ఎక్కించి ఫొటో తీసుకొస్తాను. పైన సైజు, దాని కిందే జీఐ ట్యాగ్ పెడదామని ఓనర్‌ గారికి చెప్తాను.

అమీర్‌పేట్_ట్రైనర్
ఆ సైజు భాగాన్ని కూడా సింక్ బ్లాక్‌గానే చేయండి తమ్ముడూ. ప్రతి గాజు పేజీలోనూ అదే కావాలి.