లేబుల్ లేని క్రీము అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

పద్మజ, మారతహళ్లి:
బెంగళూరులో మున్నేకొళాల వైపు చిన్న బ్యూటీ పార్లర్ నాది. చుట్టూ పీజీ హాస్టళ్లే, వచ్చేవాళ్లలో మన అనంతపురం, కడప అమ్మాయిలే ఎక్కువ. ఈమధ్య ఒక కుర్రాడు స్కూటీ మీద సరుకు తెస్తున్నాడు. పేరున్న కంపెనీ లిప్‌స్టిక్కులు ఎమ్మార్పీలో మూడో వంతుకే ఇస్తాడట. "ఫస్ట్ కాపీ మేడం, ఎవరూ కనిపెట్టలేరు" అని, అంటే అచ్చం అసలు లాంటి నకిలీ అని వాడే చెప్తాడు, ధైర్యం చూడండి! తెల్ల డబ్బాలో పేరూ ఊరూ లేని క్రీము కూడా ఉంది. నేను ముట్టలేదు. కానీ పెళ్లి కుదిరిన అమ్మాయిలు "అక్కా, వారంలో రంగొచ్చే క్రీము నీ దగ్గర లేదా?" అని అడుగుతున్నారు. లేదంటే పక్క పార్లర్‌కి పోతారు. వీడి సంగతి ఎవరికి చెప్పాలి?

రమణ, పీణ్య:
పద్మజ గారూ, నేను కాస్మెటిక్స్ యూనిట్‌లో క్యూసీ, అంటే నాణ్యత తనిఖీ చూస్తాను. ఈసారి వాడొస్తే నాలుగు షేడ్లు తీసుకుని అడుగున ఉన్న స్టిక్కర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపుకీ గులాబీకీ ఒకటే బ్యాచ్ నంబరు ఉంటే అనుమానించాల్సిందే. ఏ షేడ్‌కి ఆ షేడ్ విడిగా తయారు చేస్తాం, నంబరు ఎలా కలుస్తుంది? క్యూఆర్ కోడ్ స్కాన్ అయిందని మురిసిపోకండి, దాన్నీ అచ్చేస్తారు. విదేశీ సరుకైతే ఇక్కడి ఇంపోర్టర్ పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి.

అసలు భయం ఆ తెల్ల డబ్బాతోనే. వారంలో రంగు మారిందంటే పాదరసమో, స్టెరాయిడో ఉండి ఉంటుంది. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం ఫేస్ క్రీములో పొరపాటున చేరిన పాదరసం కూడా 1 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు దాటకూడదు. అది చర్మం గుండా లోపలికి పోయి కిడ్నీల మీద పడుతుంది. కేరళలో కొట్టక్కల్ డాక్టర్లు మూత్రంలో ప్రోటీన్ పోయే ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 15 మందిని ఆరా తీస్తే, 13 మంది తెల్లబడే క్రీములు రాసినవాళ్లే. ఆ తర్వాత మందులు, కాస్మెటిక్స్ తనిఖీ చేసే అక్కడి డ్రగ్స్ కంట్రోల్ శాఖ వాళ్లు 'ఆపరేషన్ సౌందర్య' పేరుతో షాపుల మీద పడ్డారు. రాసుకున్నవాళ్లతో పోదు, అదే టవల్ వాడే చంటిపిల్లలకీ అంటుతుంది. పెళ్లికూతుళ్లకి ఈ మాట చెప్పండి, వాళ్లమ్మలు వింటారు.

లలిత, వైట్‌ఫీల్డ్:
ఫిర్యాదు చేస్తే ముందు మనలాంటి చిన్న షాపుల్నే తిరగేస్తారు. గోడౌన్ వాడు హాయిగా ఉంటాడు.

రమణ, పీణ్య:
లలిత గారూ, ఆ అనుమానం నాకూ ఉంది. అందుకే బిల్లు లేకుండా ఏదీ కొనొద్దు. బిల్లుంటే గోడౌన్ దాకా తీగ లాగొచ్చు. ఫిర్యాదు ప్యాలెస్ రోడ్డులోని డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసులో ఇవ్వండి. కొన్న వస్తువుని ఫీజు కట్టి ప్రభుత్వ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ మామూలు జనానికీ ఇచ్చింది. నకిలీ అని తేలితే 3 ఏళ్ల దాకా జైలు.

పద్మజ, మారతహళ్లి:
థాంక్సండీ. జీఎస్టీ బిల్లు ఇస్తేనే కొంటానని వాడికి మెసేజ్ పెట్టా. బ్లూ టిక్ వచ్చింది, జవాబు లేదు. పక్క పార్లర్‌లో క్రీము రాయించుకున్న అమ్మాయి డబ్బా ఇస్తానంది, సోమవారం ప్యాలెస్ రోడ్డుకి తీసుకెళ్తున్నాం.