అప్‌డేట్: కోటింగ్ పాన్‌లో మాత్రలు అతుక్కోవడానికి కారణం దొరికింది

ఆటో కోటర్‌లో (మాత్రలను తిరిగే పాన్‌లో దొర్లిస్తూ, ద్రావణం చల్లి, వేడి గాలితో ఆరబెట్టి పూత వేసే యంత్రం) పొడవాటి మాత్రలు జంటలుగా అతుక్కుంటున్నాయని ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. మాత్రల బెడ్ (పాన్‌లో దొర్లే మాత్రల రాశి) వేడి చూడమన్నవారి మాటే నిజమైంది. ప్యానెల్‌లో ఇన్‌లెట్ గాలి (లోపలికొచ్చే వేడి గాలి) 60 డిగ్రీలు సరిగ్గానే చూపిస్తోంది, బెడ్ మాత్రం 36 దగ్గరే ఆగిపోయింది. సర్వీస్ ఇంజనీర్ ఎగ్జాస్ట్ ఫిల్టర్ (బయటికెళ్లే గాలిని వడకట్టేది) బయటికి తీస్తే, తెల్లటి పొడి పేరుకుపోయి పెచ్చు కట్టి ఉంది. గాలి లాగక తడి ఆరట్లేదు. దాంతో మాత్రల చదును పక్కలు తగిలిన చోటల్లా అంటుకుపోతున్నాయి.

ఫిల్టర్ మార్చాక బెడ్ 43కి వచ్చింది. స్ప్రే రేటు కొంచెం తగ్గించి, పాన్ వేగం కాస్త పెంచాం. ఇప్పుడు జంటలు కనబడట్లేదు, పెద్ద టెన్షన్ తీరింది.

మాత్రల గట్టిదనానికీ ద్రావణం చిక్కదనానికీ దీంతో సంబంధం లేదు. స్ప్రే గన్ నాజిళ్లూ బాగానే ఉన్నాయి. ఎవరికైనా ఇదే సమస్య వస్తే రెసిపీ (యంత్రం సెట్టింగులు) ముట్టుకోకముందే ఫిల్టర్‌కి అటూ ఇటూ ప్రెషర్ తేడా చూడండి.