లోన్‌మీద వెళ్లిన ఆటగాడికి జీతం ఎవరిస్తారు?

ఇంగ్లండ్ కింది డివిజన్ల ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఈమధ్య జేమీ క్యూరెటన్ అనే ఇంగ్లండ్ స్ట్రైకర్ కెరీర్ గురించి చదువుతున్నాను. నార్విచ్ క్లబ్బులో మొదలై బ్రిస్టల్ రోవర్స్, రీడింగ్, మధ్యలో కొరియాలోని బుసాన్, తర్వాత కోల్చెస్టర్. అక్కడ 2006-07లో 23 గోల్స్‌తో ఛాంపియన్‌షిప్ (అక్కడి రెండో డివిజన్) టాప్ స్కోరర్! అంతటివాడు మళ్లీ నార్విచ్‌కి వచ్చాక బార్న్స్‌లీకి, ష్రూస్‌బరీకి లోన్‌మీద, అంటే సొంత క్లబ్బు ఆటగాడిగానే ఉంటూ కొన్నాళ్లు వేరే క్లబ్బుకి ఆడటానికి, వెళ్లాడు. లిస్టు చూస్తుంటే మన ఆర్టీసీ బస్సు స్టాపులు గుర్తొచ్చాయి.

నాకు అర్థం కానిది ఇదే: లోన్‌లో ఉన్నన్నాళ్లూ జీతం సొంత క్లబ్బు ఇస్తుందా, తీసుకున్న క్లబ్బు ఇస్తుందా, లేక చెరికొంతా? మధ్యలో గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది? ఇంకొకటి, నాలుగో డివిజన్ కింద నాన్‌లీగ్‌లో కొట్టిన గోల్స్‌ని కెరీర్ మొత్తంలో కలుపుతారా? ఒక్కోచోట ఒక్కో లెక్క కనిపిస్తోంది.