సముద్రం పక్క ఊరికి మారుతున్నాం: అద్దె తక్కువున్న వీధి ఎందుకు చవకో ఎలా తెలుసుకోవాలి?

కొత్తగూడు (ప్రశ్న)

నమస్కారం అండీ. ఉద్యోగం మారి సముద్రతీరంలో ఉన్న ఊరికి వెళ్తున్నాం. ఇంకా ఏడు వారాలుంది. నేను, మావారు, ఆరేళ్ల పాప, మా అమ్మ. మాలో ఎవరమూ ఎప్పుడూ సముద్రం పక్కన కాపురం చేసినవాళ్లం కాదు. తుఫాను అంటే టీవీలో చూడటమే.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. ఆయాసం కూడా ఉంది, రోజూ రెండు పూటలా నెబ్యులైజర్ పెట్టాలి. అందుకని కింది అంతస్తే కావాలని వెతుకుతున్నాం. పోయినవారం వెళ్లి రెండిళ్లు చూశాం. మొదటిది సముద్రానికి ఎదురుగా, మొదటి వీధిలో. బాగుంది కానీ అద్దె మేం అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు. రెండోది తీరానికి కిలోమీటరున్నర లోపల, కింది వాటా, అద్దె దాంట్లో సగం. వెనకాలే ఉప్పుటేరు, గట్టు మీద కొంగలు. పాప అక్కణ్ణుంచి రానని ఏడ్చింది. చూపించినాయన "సముద్రం ఇంత దూరం, మీకేం భయం లేదు" అన్నాడు. నాకూ నిజమేననిపించింది.

కానీ ఒక్కటి మనసులోంచి పోవడం లేదు. ఆ ఇంటి గోడలకి నేలనుంచి మూరెడు ఎత్తు దాకా కొత్త రంగు వేసి ఉంది. పైనంతా పాత రంగే. లోపలి గదుల్లో కూడా అంతే. తిరిగొచ్చినప్పటి నుంచి అదే గుర్తొస్తోంది. అనవసరంగా అనుమానపడుతున్నానా? అక్కడ ఏళ్లుగా ఉన్నవాళ్లు చెప్పండి. ఏం చూడాలి, ఎవరిని అడగాలి?

ఉప్పుగాలి

అమ్మా, మీ అనుమానం అనవసరం కాదు. ముందు ఆ రంగు సంగతే చెబుతాను.

నేను తీరంలో ఉండబట్టి పంతొమ్మిదేళ్లు. మొదట తీసుకున్న ఇల్లు అచ్చం మీరు చెప్పినలాంటిదే. సముద్రానికి దూరం, వెనక ఏరు, అద్దె తక్కువ. చేరిన మూడో నెలలో ఒకరోజు పొద్దున లేచి కాలు కింద పెడితే చల్లగా తగిలింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ముందురోజు వానా లేదు. స్నానాలగది తూములోంచి నీళ్లు పైకి వస్తున్నాయి. నోట్లో వేసుకు చూస్తే ఉప్పు. ఆ ముందురోజు పౌర్ణమి.

తర్వాత పక్కింటి పెద్దావిడ చెప్పింది. పౌర్ణమికి, అమావాస్యకి పోటు ఎక్కువ. చాలాచోట్ల అసలు పెద్ద పోటు ఆ రోజు కాదు, ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. వీధి కాలువలన్నీ చివరికి ఏట్లోకో సముద్రంలోకో కలుస్తాయి కదా. పోటు మీద ఆ మూతి మునిగిపోతే నీళ్లు బయటికి పోవడం మానేసి వెనక్కి ఎక్కుతాయి. అప్పుడే వాన కూడా పడిందా, ఇక ఆ నీళ్లకి పోయే దారే లేదు. పోటు తగ్గేదాకా మంచమెక్కి కూర్చోవడమే.

ఇంకో మాట. సముద్రం ఒడ్డున అలలు, గాలి కలిసి ఇసుకను పోగేస్తాయి, అక్కడ దిబ్బలా మెరక అవుతుంది. చాలా ఊళ్లలో ఆ దిబ్బ దాటి లోపలికి వెళ్లినకొద్దీ నేల పల్లమవుతుంది. ఆ పల్లంలోనే ఏరు, బురదనేల, మడచెట్లు. మొదటి వీధి ఎత్తున, నాలుగో వీధి గుంటలో. ఒడ్డు నుంచి దూరం కొలుచుకుని ధైర్యం తెచ్చుకోవద్దు. సముద్రం ఎదురుగానే వస్తుందని అందరూ అటు చూస్తుంటారు, మా ఇంట్లోకి మాత్రం పెరటి వైపు నుంచి వచ్చింది. ఆ అద్దె సగానికి ఎందుకుందో, గోడలకి మూరెడు ఎత్తు దాకా కొత్త రంగు ఏ నీళ్ల మరక కప్పడానికి వేసి ఉండొచ్చో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

మళ్లీ వెళ్లండి. ఈసారి పౌర్ణమి దాటిన రెండో రోజున, పోటు పూర్తిగా ఎక్కే వేళకి. పోటు వేళల పట్టికలు రేవుల్లో దొరుకుతాయి, ఫోన్‌లోనూ చూడొచ్చు. వీధి కాలువ మూతల దగ్గర నిలబడండి. కింది వాటాల్లో ఉన్న ఆడవాళ్లతో మాట్లాడండి. "ఇక్కడ నీళ్లొస్తాయా" అని అడిగితే లేదనే అంటారు, తమ వీధిని తక్కువ చేసుకోవడం ఎవరికి ఇష్టం? "నీళ్లొచ్చినప్పుడు బండి ఎక్కడ పెట్టుకుంటారు" అని అడగండి. మా వీధిలో ఎవర్నడిగినా చేత్తో చూపించేవాళ్లు, ఆ మూలమీద బడి ఆవరణలో అని.

మెరకనేల

తీరంలో పాడైన కట్టడాలు బాగుచెయ్యడం నా పని. పై జవాబులో ప్రతి మాటా నిజం. నేను ఎత్తు గురించి, ఉప్పు గురించి చెబుతాను.

ఫోన్‌లో సముద్రమట్టానికి ఇన్ని మీటర్లు అని చూసి నమ్మకండి. అంతరిక్షం నుంచి కొలిచిన ఎత్తుల్లో చాలావాటికి ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడార్‌తో తీసిన కొలత. ఆ రాడార్‌కి ఇళ్ల కప్పులు, చెట్ల కొమ్మలే ముందు తగులుతాయి. ఇళ్లు ఒత్తుగా ఉన్నచోట నేల ఉన్నదానికంటే ఎత్తుగా లెక్కకొస్తుంది. మనకు కావలసింది మీటరు, అరమీటరు తేడా. అక్కడ రెండు మీటర్లు తప్పితే ఇక ఆ అంకె దేనికి? ఊరి పాలక కార్యాలయంలో సర్వే పటం, మునక పటం ఉంటే అడగండి. లేకపోతే ఊళ్లో అన్నిటికన్నా పాత ఇళ్లు, పాత ప్రార్థనాస్థలాలు ఎక్కడున్నాయో చూడండి. వెనకటివాళ్లు సాధారణంగా మెరక చూసే కట్టుకున్నారు. పల్లాలు పూడ్చి కట్టినవి తర్వాత వచ్చిన ఇళ్లు.

తుఫాను వచ్చినప్పుడు ప్రాణాలు తీసేది ఎక్కువగా గాలి కాదు, ఉప్పెన. గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. అది చిన్న భాగమే. పెద్ద భాగం గాలి నీటిని ఒడ్డుకు నెట్టుకురావడం వల్ల. ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువైతే ఆ నీరు కిందికి పోలేక గట్టు మీదికి ఎక్కుతుంది. పోటు వేళకే వచ్చిందంటే రెండూ కలుస్తాయి. 2013 నవంబరులో హయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్ మీదికి ఐదారు మీటర్ల ఉప్పెన తెచ్చింది. హెచ్చరిక ముందే చెప్పారు. కానీ అందులో వాడిన మాట చాలామందికి అర్థం కాలేదు. గాలికి తట్టుకుంటే చాలనుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. ఆశ్రయం కోసం చేరిన భవనాల్లో కూడా కింది భాగాల్లో ఉన్నవాళ్లు మునిగిపోయారు.

ఇది మిమ్మల్ని భయపెట్టాలని కాదు. మీ అమ్మగారికి కింది అంతస్తు కావాలన్నారు. రోజువారీకి అది సరైనదే. నేను వద్దనను. పై అంతస్తులో పెట్టి, కరెంటు పోయి లిఫ్టు ఆగితే ఆవిడ అక్కడే చిక్కుపడిపోతారు. కాబట్టి కింది అంతస్తే తీసుకోండి, కానీ మెరక నేల మీద, వీధికన్నా ఎత్తుగా పునాది లేపిన ఇల్లు. ఖాళీ చెయ్యమని చెప్పకముందే బయల్దేరే కుటుంబం మీది అని ఇప్పుడే నిర్ణయించుకోండి. నడవగలిగినవాళ్లు చివరి గంటలో కదులుతారు. మీకు ఆ గంట సరిపోదు. ఇంటి నుంచి లోపలికి పోయే రోడ్డు ఒక్కటేనా, అది ఏరు దాటుతుందా, వంతెనకి ఇటూ అటూ పల్లముందా, కారులో ఒకసారి పోయి చూసుకోండి. పారే నీళ్లు ముప్పై సెంటీమీటర్లుంటే చిన్న కారును కదిలించేస్తాయి.

ఇక ఉప్పు. చవక, ఖరీదు లెక్క అద్దెతో అయిపోదు. సముద్రపుగాలిలో ఉప్పు ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో చాలా ఎక్కువ, తర్వాత త్వరగా తగ్గుతుంది. కాంక్రీటు లోపలికి దిగి చువ్వకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే శ్లాబు పగిలి పెచ్చులు ఊడతాయి. ఇల్లు చూసేటప్పుడు హాలు చూడకండి, బాల్కనీ కింది భాగం, సన్‌షేడ్ అంచులు, నీళ్లట్యాంకు కింద చూడండి. చువ్వ వరుసగా ఎక్కడుందో అక్కడే గోధుమరంగు చార కనిపిస్తే లోపల పని మొదలైందన్నమాట. పైపైన సిమెంటు పూసి రంగేస్తే అది ఆగదు. బోరు నీళ్లు రుచి చూడండి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. భూగర్భంలో మంచినీటి మట్టం ఒక మీటరు పడిపోతే, కాలక్రమంలో కింది ఉప్పునీరు సుమారు నలభై మీటర్లు పైకి రాగలదని లెక్క. వీధిలో అందరూ బోర్లు వేసుకున్నచోట ఈ ఏడు తియ్యగా ఉన్న నీళ్లు అలాగే ఉంటాయని చెప్పలేం.

రాత్రినడక

అందరూ నీళ్ల గురించి చెప్పారు, నేను మనుషుల గురించి చెబుతాను. నేను రాత్రి ఉద్యోగం చేస్తాను, పదకొండుకి ఒక్కదాన్నే ఇంటికి నడిచొస్తాను.

యాత్రికులొచ్చే నెలల్లో ఒడ్డు వీధులు అర్ధరాత్రి దాకా కళకళలాడతాయి. ఆ నెలలు పోగానే సగం ఇళ్లకి తాళాలు. వీధి దీపం పోతే అడిగే మనిషి ఉండడు. మీరు ఏ నెలలో చూశారో గానీ ఖాళీ నెలలో, రాత్రి తొమ్మిదికి ఒకసారి నడవండి. ఎన్ని కిటికీల్లో దీపం వెలుగుతోందో లెక్కపెట్టండి. ఏడాది పొడుగునా మనుషులుండే వీధి కాస్త పాతగా, ఇరుకుగా ఉన్నా నేను దాన్నే ఎంచుకుంటాను. మందులషాపు, ఆసుపత్రి కూడా అక్కడే ఏడాదంతా తెరిచుంటాయి.

పాప గురించి ఒకటి. అలలు విరుగుతున్నచోట మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా కనిపిస్తే అదే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి లాక్కుపోయే దారి అది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. తేలుతూ, పక్కకి, ఒడ్డుకు సమాంతరంగా రావాలి. నేల గట్టిగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, చేపలేరడానికి పోకుండా మెరకకు పరుగెత్తాలని ఇప్పటినుంచే చెప్పండి. 2004 డిసెంబరు 26 సునామీలో ఇండోనేషియాలోని సిమెలూ ద్వీపంలో దాదాపు డెబ్బై ఎనిమిది వేల మందిలో ఏడుగురే చనిపోయారని చదివాను. 1907 నాటి సునామీ కథ తాతల నుంచి మనవలకి చెప్పుకుంటూ వచ్చారట, అందుకే నేల ఊగగానే కొండలెక్కారు. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడే నేర్పాను.

కొత్తగూడు

మీ ముగ్గురికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నిన్న వెళ్లొచ్చాం. పౌర్ణమి వెళ్లి రెండో రోజు.

ఏటి పక్క ఇంటికి పొద్దున పోటు వేళకి వెళ్లాం. ఎండ కాస్తోంది. వీధి చివర కాలువ మూత దగ్గర నీళ్లు బుడగలొస్తూ పైకి ఉబుకుతున్నాయి. అరగంటలో రోడ్డు పక్కంతా పాదం మునిగేంత నీళ్లు. ఎదురింటావిడని బండి ఎక్కడ పెడతారని అడిగాను. ఏమాత్రం ఆలోచించకుండా "వంతెన అవతల మా చెల్లెలింట్లో" అంది. ఆ ఇల్లు వదిలేశాం. పాపకి కొంగల గురించి ఇంకా బెంగే.

సాయంత్రం ఊళ్లో పాత వీధులు వెతుక్కుంటూ వెళ్తే ఒక ఇల్లు దొరికింది. ఒడ్డుకి ఎనిమిది వందల మీటర్లు, కింది వాటా, వీధికన్నా నాలుగు మెట్లెత్తు. మెట్ల పక్కన వాలుబాట కట్టుకోవడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. అద్దె మొదటి రెండిటికీ మధ్యలో. రాత్రి తొమ్మిదిన్నరకి పద్నాలుగు కిటికీలు లెక్కపెట్టాను. ఒక్కటే సందేహం. వెనక సన్‌షేడ్ కింద గోధుమరంగు చార ఒకటి, జానెడు పొడుగు. బాల్కనీల్లో ఎక్కడా లేదు. దీనికోసం వదులుకోవాలా?

మెరకనేల

వదులుకోవద్దు. కొనడం లేదు కదా, అద్దెకే. ఒక్క సన్‌షేడ్ చార అయితే బాగుచెయ్యగలిగినదే. కాంక్రీటు చెక్కి, తుప్పు తోమి, చువ్వకి రక్షణపూత వేసి మళ్లీ పూడ్చాలి. ఆ పని మీరు చేరకముందే ఇంటివాళ్లు చేయించాలని ఒప్పందంలో రాయించండి. అప్పటిదాకా పాపని దాని కింద ఆడుకోనివ్వకండి.

నెబ్యులైజర్‌కి బ్యాటరీతో నడిచేది ఒకటి కొనుక్కోండి. గాలి పెద్దదైతే కరెంటు తిరిగొచ్చేసరికి చాలా రోజులు పట్టొచ్చు. లోపలి ఊళ్లో బంధువులో స్నేహితులో ఎవరింటికి వెళ్తారో వాళ్లతో కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఉప్పుగాలి

నాలుగు మెట్లన్నారు కదా, చాలా సంతోషం. ఇల్లు మారే రోజు అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పెట్టుకోకండి, లారీ ఏటి వంతెన దాటే రావాలి. కొంగలు పాత వీధి వైపు కూడా వస్తాయి, పొద్దున్నే ఆరింటికి పాపని లేపండి.