హాల్లో కార్పెట్ ఏ సైజు తీసుకోవాలి? 4×6 చాలదా?

ప్రశ్న

నమస్కారం అండి. ఫ్లాట్‌లో హాలు 11 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు. పొడవు గోడకి ఆనించి త్రీ సీటర్ సోఫా ఉంది, 7 అడుగుల పొడవు, 3 అడుగుల లోతు. దానికి ఎడమవైపు అడ్డంగా టూ సీటర్. రెండు సోఫాలకీ కాళ్లున్నాయి. ఎదురు గోడకి టీవీ యూనిట్, లోతు 15 అంగుళాలు. మధ్యలో 4×2 టీపాయ్. కింద 2×2 టైల్స్. మెయిన్ డోర్ హాల్లోకే తెరుచుకుంటుంది. షాపులో 4×6 కార్పెట్ నచ్చింది, ధర కూడా అందుబాటులో ఉంది. ఇంట్లో వాళ్లు 8×10 అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1

4×6 మాత్రం వద్దండి. 4×2 టీపాయ్ కింద అది వేస్తే నాలుగు వైపులా అడుగు చొప్పునే బయటికి వస్తుంది. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య మామూలుగా 15, 16 అంగుళాలు వదులుతాం. అంటే కార్పెట్ సోఫా దాకా రాకుండా మూడు నాలుగంగుళాల ఇవతలే ఆగిపోతుంది. సోఫాతో సంబంధం లేకుండా టీపాయ్ కింద ఓ ముక్క పడేసినట్టు ఉంటుంది.

గది కొలతతో మొదలుపెట్టకండి. ముందు సోఫా, తర్వాత నడిచే దారి, ఆ తర్వాతే గది. మీ హాలు వెడల్పు 132 అంగుళాలు. సోఫాకి 36, టీవీ యూనిట్‌కి 15 పోతే మిగిలింది 81. టీవీ ముందు నుంచి మనుషులు నడవడానికి రెండడుగుల ఖాళీ నేల కావాలి. ఆ దారి మధ్యలోకి కార్పెట్ అంచు వస్తే ఒక కాలు పైన, ఒక కాలు కింద పడి పెద్దవాళ్లు తట్టుకుని పడిపోవచ్చు. 81లో 24 తీసేస్తే 57. సోఫా ముందు కాళ్లు కార్పెట్ మీదకి ఎక్కాలి కాబట్టి, కనీసం 6 నుంచి 8 అంగుళాలు సోఫా కిందికి పోవాలి. మొత్తం 63 నుంచి 65 వచ్చింది. 5 అడుగులకి పైన, 6 అడుగుల లోపు.

పొడవు చూడండి. సోఫా 84. మూలలో రెండు సోఫాల మధ్య అర అడుగు సందు ఉందనుకుంటే ఆ 6, టూ సీటర్ ముందు కాళ్ల కిందికి మరో 8, కుడివైపు సోఫా దాటి 10. కలిపితే 108, సరిగ్గా 9 అడుగులు. కాబట్టి మీకు 6×9. పొడవు సోఫా పొడవు వెంటే ఉండాలి. సోఫా కిందికి 14 అంగుళాలు తోస్తే ముందు 58 కనిపిస్తుంది, టీవీ దగ్గర 23 అంగుళాల దారి మిగులుతుంది.

5×8 వెడల్పుకి సర్దుకుంటుంది గానీ పొడవులో టూ సీటర్ కాళ్లకి అందదు. 8×10 కూడా పడుతుంది, కానీ సోఫా మొత్తం దాని మీదే నిలబడాలి. అప్పుడు సోఫా ముందు కనిపించేది 60 అంగుళాలు. 6×9 కంటే వెడల్పులో రెండంగుళాలే ఎక్కువ! దానికోసం 54 చదరపు అడుగుల బదులు 80కి డబ్బు కట్టాలి, దులిపిన ప్రతిసారీ సోఫా ఎత్తాలి.

జవాబు 2

పై లెక్క సరిగ్గా ఉంది. కొనేముందు ఇంట్లోనే చూసుకోండి. డబుల్ బెడ్‌షీట్లలో 90×108 అంగుళాల సైజు ఉంటుంది. 90 వైపు 18 అంగుళాలు మడిస్తే అచ్చంగా 6×9. అంచు సోఫా కిందికి తోసి, టీపాయ్ పెట్టి ఒక రోజు అలా వదిలేయండి. ఎవరు ఎటు నడుస్తున్నారో షీటు ముడతలే చెబుతాయి.

టైల్స్ లెక్కపెట్టి కొలవకండి. 2×2 అంటాం గానీ అది 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలు. ఐదు టైల్స్‌ని 10 అడుగులు అనుకుంటే దాదాపు రెండంగుళాలు తప్పుతాం. టేపు పెట్టాల్సిందే.

ఆన్‌లైన్‌లో 5×8 అని అమ్మేవాటిలో చాలావరకు 160×230 సెంటీమీటర్లు. అంటే 63×90.5 అంగుళాలు, పొడవు 8 అడుగులకి ఐదున్నర అంగుళాలు తక్కువ. 200×300 అయితే 79×118, మీ దారిలోకి వచ్చేస్తుంది. పేరు వదిలేసి సెంటీమీటర్లు చూడండి. కుచ్చులు కొలతలో కలిపారో లేదో కూడా అడగండి.

తలుపు కింద సందు స్కేలుతో కొలవండి. సందు 10 మిల్లీమీటర్లు, కార్పెట్ మందం 12 అయితే తలుపు తీసిన ప్రతిసారీ అంచు మడతపడుతుంది. తలుపు తిరిగే చోటు వదిలి పరచాలి.

జవాబు 3

సైజు కుదిరాక రకం గురించి. మన ఇళ్లలో చెప్పుల్లేకుండా తిరుగుతాం, రోజూ తడిగుడ్డ పెడతాం, నేల మీద కూర్చుంటాం. అందుకే హాలుకి నూలు జంపఖానా లాంటి పల్చటి నేత నయం. దులపడం తేలిక, సోఫా కాళ్లు ఎక్కినా ముందుభాగం పైకి లేచినట్టు ఉండదు. ఈ జంపఖానాలనే దర్రీలంటారు. వరంగల్ దర్రీలకి 2018లో భౌగోళిక గుర్తింపు (GI ట్యాగ్) వచ్చింది. వరంగల్‌లోని కొత్తవాడలో మగ్గాల మీద నేస్తారు. రెడీమేడ్‌లో కొలత దొరక్కపోతే చెప్పి నేయించుకునే వీలుందేమో కనుక్కోండి. చేనేతలో అంగుళం అటూ ఇటూ ఉండటం సహజం. నూలు తడిస్తే కొంచెం కుదించుకుంటుంది కాబట్టి సరిగ్గా కాకుండా రెండు మూడంగుళాలు ఎక్కువే చెప్పండి. మెత్తటి ఉన్ని కావాలంటే ఏలూరు తివాచీలు ఉన్నాయి, కానీ వాటిని తడవనివ్వకూడదు.

నున్నటి టైల్స్ మీద పల్చటి దర్రీ జారుతుంది. కింద పట్టు ఉండే మ్యాట్ వేయండి, నాలుగు వైపులా అంగుళం తగ్గించి కత్తిరించాలి. 6×9కి 70×106 అంగుళాలు. అంచు దాకా వేస్తే బయటికి కనిపిస్తుంది, పక్కలు ఎత్తుగా లేస్తాయి. తడిగుడ్డ పెట్టాక నేల పూర్తిగా ఆరకుండా పరిచారంటే వానాకాలంలో వాసన ఖాయం.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడింది, 6×9కే వెళ్తాం. డైనింగ్ టేబుల్ 5×3. దాని కింద కూడా వేయాలంటే?

జవాబు 1

కుర్చీ వెనక్కి లాగినా వెనక కాళ్లు కార్పెట్ మీదే ఉండాలి. దానికి టేబుల్ చుట్టూ రెండడుగులు కావాలి, అంటే 9×7. అంతకంటే చిన్నదైతే కుర్చీ కాలు అంచు దిగి, ముందుకి జరిపేటప్పుడు కార్పెట్‌ని మడిచేస్తుంది. నా మాట వింటే అక్కడ వద్దండి. పప్పు, పులుసు ఒలికాయంటే పసుపు మరక నూలు నుంచి అంత తేలిగ్గా పోదు. వేసే తీరాలంటే ముదురు రంగు, పల్చటి నేత, ఇంట్లోనే ఉతకగలిగేది చూడండి. 9×7 తడిస్తే ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువవుతుంది, ఆరేసే చోటు ఉందో లేదో ముందే చూసుకోండి.